కరోనా అప్పుడు మీ ఊరి సేవా సంస్థలు డబ్బు, మనుషులు, బండ్లు యాడికి మళ్లించినాయి? (కర్నూలు నుంచి అడుగుతున్నా)

హంద్రీగట్టు (కర్నూలు):
అందరికీ నమస్తే. మాది కర్నూల్లో చిన్న సేవా ట్రస్టు, పేరు ఎందుకులెండి. పల్లెల్లో కంటి క్యాంపులు పెడతాం, ఆడోళ్లకు కుట్టు సెంటరు ఉంది, పెద్దాసుపత్రి కాడ పేషంటుకు తోడొచ్చినోళ్లకు మధ్యాన్నం భోజనం పెడతాం, ఒక పాత వ్యాను ఉంది, అంతే. ఈ సారి కమిటీలోకి కుర్రోళ్లు వచ్చినారు. మళ్లీ కరోనా లాంటిది వస్తే ఏ డబ్బు యాడికి మళ్లించాలి, ఏ పని ఆపాలి, ఏది ఆపకూడదు అని ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకుందాం అంటారు వాళ్లు. పెద్దోళ్లేమో అదంతా ఎందుకురా, 2009 అక్టోబర్‌లో ఊరంతా నీళ్లొచ్చినప్పుడు ఏ కాగితం చూసి చేసినాం, పొయ్యి వెలిగించినాం, పులిహోర పొట్లాలు కట్టినాం, మళ్లీ అట్లనే చేస్తాం అంటారు.

నాకు మాత్రం రెండూ ఒకటి అనిపించదు. వరదకు ఒక స్కూల్లో జనాల్ని చేర్చి వండిపెడితే సగం పని అయిపాయ, మిగతాది పక్క జిల్లాల నుంచి లారీల్లో వచ్చింది. 2020లో జనాల్ని ఒక చోట చేర్చేదే ప్రమాదం, పక్క జిల్లా కూడా మన లెక్కనే తలుపులు మూసుకోని కూర్చునింది, ఇంక లారీ ఎవడు పంపుతాడు. పైగా ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో మనది ముందు వరసలో ఉండె. మీ దిక్కు ఏం ఆపినారు, ఏం మొదలుపెట్టినారు, ఖర్చు ఏ పద్దులోంచి తీసినారు చెప్పండి. ఇట్ల చేస్తే బాగుంటుంది అనే సలహాలు వద్దు, చేసినవి చెప్పండి.

బొరుగులు_మసాలా (అనంతపురం):
చేసినవా? బ్యానర్ కొట్టించినారు, ఒక్క కిట్టును పదిమంది పట్టుకోని ఫోటో దిగినారు. మా వీధిలో ఒకే ఇంటికి మూడు సంస్థల బియ్యం వచ్చినాయి, వెనక సందులో అద్దెకుండే బీహారోళ్లకు ఒక్కటీ రాలే. వాళ్లకు ఇక్కడ కార్డు లేదు, ఓటు లేదు, ఎవరికి గుర్తుంటారు. బ్యానర్ ఖర్చు సున్నా అని రాసుకోండి ముందు.

చీనీతోట (అనంతపురం):
బొరుగులన్న చెప్పింది అబద్ధం కాదు గానీ అంతా అదే కాదప్పా. మా జిల్లాలో పెద్ద సేవా సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), 1969 నుంచి ఉండాది, వాళ్లు బత్తలపల్లి ఆసుపత్రినే కోవిడ్‌కు ఇచ్చేసినారు. అది చూసి మేము కూడా అంత చేస్తాం అనుకుంటే కాదు, అంత చేయల్లంటే ముందు నుంచి ఆసుపత్రి ఉండల్ల, డాక్టర్లుండల్ల, పల్లె పల్లెలో తెలిసిన మనిషి ఉండల్ల. దాంట్లో ఇంకో కష్టం కూడా ఉండాది, ఒక ఆసుపత్రిని కోవిడ్‌కు ఇస్తే కాన్పులకు, చిన్నపిల్లోళ్లకు వేరే దారి చూపించే పని కూడా నెత్తిన పడుతుంది.

మా చిన్న గుంపు సంగతి చెప్తా. మేము ఏటా జూన్‌లో బడి పిల్లోళ్లకు నోటుబుక్కులు, ఫీజులు కడతాం. బడులే తెరవలే. అదే సమయానికి మా చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల్లో కాయ చెట్టు మీదనే ఉండిపాయ, మార్కెట్ లేదు, ఢిల్లీ లారీలు లేవు, కర్బూజ అయితే చేలోనే కుళ్లిపాయ. ఆ బుక్కుల డబ్బుతో రైతుల కాడ నేరుగా కాయలు కొని బియ్యం కిట్లల్లో ఏసినాం. బియ్యం ఎట్లా గవర్నమెంట్ ఇస్తాంది, మనిషికి 5 కిలోలు, కార్డుకు కిలో పప్పు, ఇంక మనం కూడా బియ్యమే ఇస్తే ఏం లాభం అని మా వాదన. ఆ సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు ఏసినారు గానీ వేసవి కాయకు అది అందలే కదా.

లెక్కలపద్దు (ప్రొద్దుటూరు):
చీనీతోట గారూ, కాయలు కొన్నది బాగుంది. కానీ నోటుబుక్కులకని ఇచ్చిన డబ్బు, ఇచ్చినాయన్ని అడిగినారా? నేను ట్రస్టుల లెక్కలు చూస్తా కాబట్టి అడుగుతాండా, తప్పు పట్టేకి కాదు.

చీనీతోట (అనంతపురం):
అడిగినాం సామీ. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినాం, అందరూ సరే అన్నారు. ఒకాయన మాత్రం లేదు, నాది బుక్కులకే, బడి తెరిచినాంక కొనండి అన్నాడు. ఆయన డబ్బు పక్కన పెట్టినాం.

లెక్కలపద్దు (ప్రొద్దుటూరు):
ఆ ఒకాయన మాట విన్నారు చూడండి, అదే సరైన పని. వాట్సాప్ మెసేజ్ ఆడిట్‌లో నిలబడాలంటే ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

హంద్రీగట్టు గారికి కొంచెం పొడుగ్గా చెప్తా, చదివే ఓపిక ఉంటే చదవండి. ట్రస్టు కాడ ఉండే డబ్బంతా ఒక్క రకం కాదు. కార్పస్ అని, అంటే మూలధనంగా ఉంచమని ఇచ్చింది ఒకటి, ఫలానా పనికే అని ఇచ్చింది ఒకటి, ఏ షరతూ లేకుండా ఇచ్చింది ఒకటి. కష్టం వచ్చినప్పుడు ఎవరినీ అడగకుండా కదిలించగలిగేది ఆ మూడోది ఒక్కటే, చిన్న సంస్థల కాడ తక్కువ ఉండేది కూడా అదే. కంపెనీ డబ్బు సంగతి వేరే. 2020 మార్చి 23న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కోవిడ్ పనికి పెట్టే ఖర్చును కూడా సీఎస్సార్ (కంపెనీలు సమాజానికి పెట్టాల్సిన ఖర్చు) కింద లెక్కేసుకోవచ్చు అని సర్క్యులర్ ఇచ్చింది. దాంతో కంపెనీలు కదిలినాయి గానీ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే సీఎస్సార్ కిందికి రాదు, ప్రధాని పేరు మీద ఉండే పీఎం కేర్స్ నిధికి ఇస్తే వస్తుంది అన్నారు, కాబట్టి చాలా కంపెనీల డబ్బు అటు పోయింది, మన లాంటి ఊరి సంస్థలకు మిగిలింది చిల్లరే.

ఇంక విదేశీ విరాళాలు. సరిగ్గా కరోనా మధ్యలో, 2020 సెప్టెంబర్‌లో, ఎఫ్‌సీఆర్ఏ చట్టం మార్చినారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు, ఆఫీసు ఖర్చు 50 శాతం దాకా ఉండేది 20కి దించినారు, ఖాతా ఢిల్లీలో ఉండే స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. దాని వల్ల ఏమైందంటే 2021 రెండో వేవ్‌లో హైదరాబాద్, బెంగళూరు సంస్థల కాడ డబ్బుంది, మా పల్లెల్లో పని తెలిసిన చిన్న సంస్థలుండాయి, మధ్యలో దారి లేదు. వస్తువులు కూడా ఇచ్చే వీల్లేదు. చివరికి కొంతమంది ఏం చేసినారంటే పెద్ద సంస్థే నేరుగా ఇక్కడ మనుషుల్ని పెట్టుకోని తన పేరు మీదనే పని చేసింది. మీ కాగితంలో ఇది తప్పకుండా రాసుకోండి, పక్క సంస్థ డబ్బు మనకొస్తుందిలే అని కూర్చోవద్దు.

బొరుగులు_మసాలా (అనంతపురం):
ఇంత రూలు మాట్లాడే లోపల ఆకలయ్యేటోడు పోతాడు సామీ.

లెక్కలపద్దు (ప్రొద్దుటూరు):
అందుకే కదా ముందే రాసుకోమనేది.

కోసిగి_ఎర్రమట్టి (కోసిగి, కర్నూలు జిల్లా):
నేను ఏ సంస్థలో లేను. మేము తీసుకునేటోళ్లం, ఇచ్చేటోళ్లం కాదు. నేను రాయొచ్చా?

హంద్రీగట్టు (కర్నూలు):
అన్నా నువ్వే రాయాలి.

కోసిగి_ఎర్రమట్టి (కోసిగి, కర్నూలు జిల్లా):
మా దిక్కు ఊర్లకు ఊర్లు సుగ్గికి (వలస కూలికి) పోతాయి, గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపేకి. 2020లో కూడా పోయింటిమి, నేనూ నా పెళ్లామూ. పిల్లోళ్లు ఊర్లో అవ్వ కాడ. లాక్‌డౌన్ పడే తలికి ఆడనే చేను కాడ గుడిసెల్లో ఇరుక్కుంటిమి. ఊర్లో గవర్నమెంటు వెయ్యి రూపాయలు వలంటీరు ఇంటికి తెచ్చె, మా ఇంట్లో అవ్వ ఉండె కాబట్టి తీసుకునె, తాళాలేసిన ఇండ్లు ఎన్ని ఉంటాయి మా ఊర్లో ఆ కాలంలో. ఆడ గుంటూరు దిక్కు పంచేటోళ్లు వచ్చినారు గానీ రోడ్డు పక్కన ఉండే ఊర్లకే, చేలల్లో ఉండేటోళ్లం మేము ఉండామని ఎవరికీ తెల్వదు కదా.

మాకు పనికొచ్చింది ఎవరంటే మా దిక్కునే సుగ్గికి పోయేటోళ్ల పిల్లోళ్లకు సీజన్ హాస్టల్ నడిపే ఒక చిన్న సంస్థ. మార్చిలో హాస్టల్ మూసిరి, పిల్లోళ్లను ఇండ్లకు పంపిరి. వాళ్ల కాడ రిజిస్టరు ఉంది. ఏ పిల్లోని నాయన ఏ మేస్త్రీ వెంట పోయినాడు, ఏ ఊరు, ఫోన్ నెంబరు, అన్నీ ఉన్నాయి దాంట్లో. ఆ రిజిస్టరు పట్టుకోని ఒక్కొక్కరికి ఫోన్ చేసిరి. మొదలు ఏమన్నా కావాలా అని కాదు, మొదలు ఫోన్లకు బ్యాలెన్స్ ఏసిరి. నవ్వకండి, ఆ టైంలో అది అన్నం కంటే ఎక్కువ, పిల్లోళ్లు ఎట్ల ఉండారో తెల్వక నా పెళ్లాం నిద్రపోలే. తర్వాత ఆడ పక్క ఊర్లో కిరాణా కొట్టాయనకు ఫోన్‌పే చేసి మాకు నూనె, కందిపప్పు, సబ్బులు ఇప్పిచ్చిరి. హాస్టల్ వంటకని ఉండే డబ్బంట అది. వాళ్లు ఇంతవరకు ఫోటో అడగలే.

బొరుగులు_మసాలా (అనంతపురం):
ఇది విన్నాంక నేనేం మాట్లాడను.

చీనీతోట (అనంతపురం):
మాట్లాడకుండా నువ్వుంటావా అన్నా, హహ.

ఓ_పాజిటివ్_నాయన (నంద్యాల):
ఈ థ్రెడ్ రెండ్రోజుల నుంచి చూస్తున్నా. మా పాపకు తలసీమియా, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, లేకపోతే హిమోగ్లోబిన్ పడిపోయి లేవలేదు. మామూలు రోజుల్లో ఆ రక్తం కాలేజీ క్యాంపుల నుంచి వచ్చేది. కాలేజీలు మూసినారు, క్యాంపులు ఆగిపోయినాయి, దాతలు ఆసుపత్రి గడప తొక్కాలంటేనే భయపడిరి. రక్తం బ్యాగు ఎంత జాగ్రత్తగా పెట్టినా 35 నుంచి 42 రోజులు, అంతకు మించి ఉండదు, కాబట్టి మార్చిలో తీసి పెట్టింది మే నెలకు రాదు.

మాకు తెలిసిన రక్తదాన గుంపొకటి ఉంది. వాళ్ల ఖర్చు అంతకు ముందు దేనికి పోయేదంటే షామియానా, కరపత్రాలు, జ్యూస్, సర్టిఫికెట్లు. లాక్‌డౌన్ పడగానే అదంతా ఆపి కారుకు పాస్ తీసుకోని, డీజిల్ పోసి, బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి టైం తీసుకోని, దాతను ఇంటి కాడ ఎక్కించుకోని ఇద్దరిద్దర్ని తెచ్చి మళ్లీ ఇంటి కాడ దింపినారు. ఒక్క రోజు క్యాంపుతో వచ్చేంత రక్తం రావాలంటే ఇట్ల ఎన్ని రోజులు తిరగాలో మీరే చూసుకోండి, వాళ్లు తిరిగినారు. 2021లో ఇంకో చిక్కు వచ్చింది, టీకా వేసుకుంటే 28 రోజులు రక్తం ఇవ్వకూడదు అని రూలు ఉండె, మే నెలలో అది 14కి తగ్గించినారు. సరిగ్గా మే 1 నుంచి 18 దాటినోళ్లకు టీకా మొదలు. అంటే రక్తం ఇచ్చే వయసు పిల్లోళ్లందరూ ఒకేసారి టీకా వేసుకుంటే మా పాప లాంటోళ్లకు రక్తం ఎవరిస్తారు. ఈ గుంపు ముందు రక్తం ఇచ్చి ఆ తర్వాత టీకాకు పోండి అని ఒక్కొక్కరికి చెప్పుకుంటూ పోయింది.

హంద్రీగట్టు గారూ, మీ కాగితంలో ఏం మొదలుపెట్టాలి అని మాత్రమే రాయకండి. ఏది ఆపితే ఇంకెవరూ చెయ్యరో అది రాయండి. బియ్యం మీరివ్వకపోతే ఇంకొకరిస్తారు. వైరస్ ఒంట్లో లేకుండానే పోయినోళ్లు ఎంతమందో ఏ లెక్కలోకీ రాలేదు.

హంద్రీగట్టు (కర్నూలు):
నాయనా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయినా. పాప ఇప్పుడు ఎట్ల ఉంది?

ఓ_పాజిటివ్_నాయన (నంద్యాల):
బాగుందండి. ఇంటర్ చదువుతుంది.

కుట్టుమిషన్ (కడప):
కుట్టు సెంటరు అన్నారు కాబట్టి నేను. మాది కూడా శిక్షణ సెంటరే, నేను ఆడ నేర్పిస్తా. లాక్‌డౌన్‌లో క్లాసులు బందు. మిషన్లు ఊరికే పడి ఉంటే పాస్ తీసుకోని ఆటోలో ఏసి నేర్చుకునే ఆడోళ్ల ఇండ్లకే పంపినాం. గుడ్డ సెంటర్లోనే కత్తిరించి కట్టలు కట్టి పంపడం, కుట్టినాంక మళ్లీ తెచ్చి వేణ్ణీళ్లల్లో ఉతికి ఇస్త్రీ చేయడం. రెండు పొరల కాటన్ గుడ్డ. ఎలాస్టిక్ దొరకలే, షాపులు మూసుండాయి, అందుకని గుడ్డతోనే నాడాలు పెట్టినాం, ముసలోళ్లకు చెవుల కాడ నొప్పి లేకుండా అదే బాగుంది అన్నారు. గవర్నమెంటు కూడా మనిషికి మూడు మాస్కులు అని డ్వాక్రా సంఘాలకు కుట్టే పని ఇచ్చింది కదా, మా వాళ్లల్లో కొందరు దాంట్లో కూడా కుట్టినారు.

మా కాడ జగడం ఎక్కడ వచ్చిందంటే కూలి కాడ. ఇది సేవ కదా, ఊరికే కుట్టండి అన్నారు కొందరు పెద్దమనుషులు. నేను ఒప్పుకోలే. ఇంట్లో మొగుడికి పెయింటింగ్ పని లేదు, ఆటో తిరగడం లేదు, ఇల్లు గడిచేది కుట్టే ఆడమనిషి మీదనే, ఈమెకు ఒక చేత్తో కూలి ఎగ్గొట్టి ఇంకో చేత్తో బియ్యం కిట్టు ఇస్తారా? శిక్షణకని ఉండే డబ్బును కూలి కింద మార్చడానికి దాతను ఒప్పించినాం, ఒక్కో మాస్కుకు ఇంత అని ఇచ్చినాం. నన్నడిగితే ఆ రోజుల్లో మేము చేసిన సాయం మాస్కులు కాదు, ఆ కూలి.

రాయచోటి_కువైట్:
నేను అప్పుడు కువైట్‌లో ఉంటి. మా ఊరోళ్లం రూముల్లో చందాలేసుకోని ఊరికి కిట్లకు పంపిస్తాంటిమి, తర్వాత చూస్తే మా పక్క రూముల్లోనే పని పోయినోళ్లకు తిండి లేదు. మేలో బయటి దేశాల్లో ఇరుక్కున్నోళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనాయి గానీ టికెట్ డబ్బు సొంతంగా పెట్టుకోవల్ల. అప్పట్నుంచి చందాలు ఊరికి పంపేది ఆపి టికెట్లకు మళ్లించినాం. ఊర్లో కొంతమందికి కోపం వచ్చింది, వచ్చినా సరే.

వార్డుడ్యూటీ (అనంతపురం):
నేను స్టాఫ్ నర్సుని. 2020 సంగతి అందరూ చెప్పినారు, 2021 ఏప్రిల్, మే గురించి చెప్పాలి, ఎందుకంటే అప్పుడు బియ్యం ఎవరూ అడగలే, ఆక్సిజన్ అడిగినారు. సంస్థలన్నీ ఒక్కసారిగా కాన్సంట్రేటర్ల (గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్లు) మీద పడినారు. మంచిదే. కానీ కొనేముందు ఆ మిషన్ ఏం చేస్తుందో ఎవరూ అడగలే. 5 లీటర్ల మిషన్ నిమిషానికి 5 లీటర్లే ఇస్తుంది, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 నుంచి 93 మధ్య ఉండి బెడ్డు కోసం ఎదురుచూసే మనిషిని కొన్ని గంటలు కాపాడుతుంది, అంతే. 80కి పడిపోయిన మనిషికి అది పెట్టి మాకు మిషనుంది కదా అని ఇంట్లోనే ఉంచుకుంటే ప్రాణం పోతుంది, అట్లాంటోళ్లకు 15 లీటర్లు కావాలి, ఆసుపత్రి కావాలి. రెండోది కరెంటు. పల్లెల్లో వోల్టేజీ సంగతి తెలుసు కదా, స్టెబిలైజర్ లేకుండా పంపిన మిషన్లు వచ్చిన వారంలోనే కాలిపోయినాయి. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నడవవు కూడా. నీళ్ల బాటిల్లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కొళాయి నీళ్లు పోసినోళ్లను చూసినా. ముక్కు గొట్టాలు ఒకరివి ఇంకొకరికి పెట్టకూడదు, అవి విడిగా కొనాలి, ఆ డబ్బు ఎవరూ లెక్కేసుకోలే.

నేను చూసినవాటిలో బాగా నడిపింది ఒక చిన్న గుంపు, వాళ్ల కాడ ఎక్కువ మిషన్లు కూడా లేవు. మిషన్ ఇచ్చేముందు ఆక్సిమీటర్ రీడింగ్ ఫోటో, డాక్టరు చీటీ, డిపాజిట్ లేదు గానీ ఇద్దరి ఫోన్ నెంబర్లు, ఆరు గంటలకోసారి ఫోన్. రీడింగ్ తగ్గితే వాళ్లే 104కు ఫోన్ చేసి బెడ్డు వెతికేది. అంటే మిషన్ కంటే ఫోన్ కాడ కూర్చున్న పిల్లలే ఎక్కువ పని చేసినారు. వాళ్లు మామూలప్పుడు ఏం చేస్తారో తెలుసా, డిగ్రీ పిల్లలకు పోటీ పరీక్షల కోచింగ్ ఇస్తారు.

ఇప్పుడు ఆ మిషన్లు చాలా చోట్ల గోదాముల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లో ఆక్సిజన్ మీద ఉండే ముసలోళ్లు అద్దె కట్టలేక అల్లాడుతున్నారు, వాళ్లకు ఇవ్వొచ్చు కదా. ఊరికే పెడితే కూడా పాడవుతాయి, అప్పుడప్పుడు నడపాలి.

రాజంపేట_మామిడి:
అందరూ చెప్పినారు, నేను ఒకటే. మా దిక్కు సంస్థలు రెండో వేవ్‌లో ఉన్నదంతా ఊడ్చి ఆక్సిజన్‌కు పెట్టేసినాయి. ఆ నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి మీద పడింది. అప్పుడు చూస్తే ఎవరి కాడా పైసా లేదు, బయట నుంచి వచ్చిందాకా ఆగల్సి వచ్చింది. ఒక ఆపదకే అంతా ఖర్చు పెట్టొద్దు, కొంత భాగం ముట్టుకోకూడదు అని గీత గీసుకోండి.

బొరుగులు_మసాలా (అనంతపురం):
ప్రాణాలు పోతాంటే గీత గీసుకోని కూర్చోవల్లనా?

రాజంపేట_మామిడి:
అవును కూర్చోవల్ల. నీళ్లల్లో కొట్టుకుపోయినోళ్లవి ప్రాణాలు కాదా.

చీనీతోట (అనంతపురం):
ఇద్దరూ కరెక్టే, ఇది తెగేది కాదు, వదిలేయండప్పా.

హంద్రీగట్టు (కర్నూలు):
కోసిగన్న చెప్పిన రిజిస్టరు సంగతి చదివినప్పట్నుంచి నాకు ఒకటే తిరుగుతాంది. మా కంటి క్యాంపులు 2020లో ఆపేసినాం, ఆపక తప్పదు, వచ్చేటోళ్లంతా అరవై దాటినోళ్లే. కానీ ఆ క్యాంపుల కేసు షీట్లల్లో ఊరూరా ముసలోళ్ల పేర్లు, ఫోన్ నెంబర్లు, ఎవరికి షుగర్, ఎవరికి బీపీ అన్నీ ఉన్నాయి, ఆపరేషన్‌కు ముందు రాసుకుంటాం కదా. మా క్యాంపు కోఆర్డినేటరు ఆ షీట్లు పట్టుకోని ఫోన్లు చేసి మాత్రలు అయిపోయినోళ్లకు వ్యాన్లో పంపిచ్చింది. అప్పుడు అది ఏదో చిన్న పని అనుకున్నాం, వార్షిక నివేదికలో కూడా ఒక్క లైనే రాసినాం, పేజీలన్నీ కిట్ల ఫోటోలే. నిన్న ఆమెను అడిగితే ఆ మాత్రలు తెప్పిచ్చుకున్నోళ్లే తర్వాత క్యాంపులు తెరవగానే మొదలు వచ్చినారు అని చెప్పింది.

మా పెద్దాయన ఒకరు ఉయ్యాలవాడ దిక్కు. ఏం మాట్లాడినా 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి ఏ కమిటీని అడిగి గంజి పోసినాడు అంటాడు. దానికి మా కోఆర్డినేటరు ఏం చెప్పిందంటే, ఆయన సొంత గాదెలు తెరిచినాడు సార్, మనది ఊరి డబ్బు అని. పెద్దాయన ఏం అనలే, సరే రాయండి అన్నాడు.

ఇంతవరకు అనుకున్నది ఇది. మధ్యాన్నం భోజనం ఆపం, వడ్డించేది మాని పొట్లాలు చేస్తాం, ఎందుకంటే ఆసుపత్రి కాడ హోటళ్లు మూస్తే ఇంకెవరూ పెట్టరు. కంటి క్యాంపులు ఆపుతాం, ఆ సిబ్బందిని ఫోన్ల మీద కూర్చోబెడతాం. కుట్టు సెంటరుకు కూలి తప్పనిసరి. వ్యాను దేనికి అనేది ఇంకా తేలలే, 2021లో ఒక దశలో శవాలు మోసినాం దాంట్లో, మళ్లీ రోగులను ఎక్కించాలంటే మా డ్రైవరే వద్దన్నాడు, బండి ఒకటే ఉంటే ఒకటే పనికి పెట్టాలి. లెక్కలపద్దు గారూ, కొంత డబ్బు పక్కన పెట్టాలంటే ఇన్‌కంటాక్స్ వాళ్లతో ఇబ్బంది లేకుండా ఎట్ల?

లెక్కలపద్దు (ప్రొద్దుటూరు):
వచ్చిన దాంట్లో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి అనేది రూలు, మిగతా 15 శాతం ఏ కారణం చెప్పకుండా మీ కాడ ఉంచుకోవచ్చు. ప్రతి ఏడూ అందులో కొంత దాస్తే చాలు. అంతకంటే ఎక్కువ పక్కన పెట్టాలంటే ఇన్‌కంటాక్స్ వాళ్ల ఫారంలో ఏ పనికో స్పష్టంగా రాసి ఇవ్వాలి, ఐదేండ్ల లోపల ఖర్చు పెట్టాలి. ఊరికే ఆపద నిధి అని రాస్తే ఒప్పుకోకపోవచ్చు, వైద్య సహాయం, భోజనం అని పని పేరు రాయండి. ముందు మీ ట్రస్టు డీడ్ (ట్రస్టు పెట్టినప్పుడు రాసిన పత్రం) తీసి ఉద్దేశాల్లో విపత్తు సహాయం ఉందో లేదో చూడండి, పాత డీడ్లల్లో చాలావాటికి ఉండదు.

ఇంక రసీదు పుస్తకం మళ్లీ ప్రింటు చేయించేటప్పుడు కింద ఒక లైను కలపండి: "విపత్తు వచ్చి ఈ పని ఆగిపోతే నా విరాళాన్ని సంస్థ ఉద్దేశాలకు లోబడి కమిటీ నిర్ణయించిన అత్యవసర పనికి వాడుకోవచ్చు." పక్కన రెండు గడులు, అవును, కాదు. టిక్కు, సంతకం. కాదు అన్నోళ్ల డబ్బు వేరే ఖాతాలో. కంపెనీ డబ్బుకు ఇది సరిపోదు, ఒప్పందంలోనే రాయించుకోవాలి, వాళ్లు ఒప్పుకుంటారు, అడగాలంతే.

ఓ_పాజిటివ్_నాయన (నంద్యాల):
హంద్రీగట్టు గారూ, ఫోన్ల మీద కూర్చోబెడతాం అన్నారు కదా, ఆ షీట్లల్లో బ్లడ్ గ్రూప్ గడి కూడా ఒకటి పెట్టండి. ముసలోళ్లది కాదు, క్యాంపుకు వాళ్లను తోడుకోని వచ్చే కొడుకులది, మనవళ్లది.

హంద్రీగట్టు (కర్నూలు):
పెడతాం. వచ్చే నెల గూడూరు దిక్కు క్యాంపు ఉంది, దాన్నుంచే మొదలు. వార్డుడ్యూటీ అక్కా, మా స్టోర్ రూంలో రెండు కాన్సంట్రేటర్లు ఉన్నాయి, నడుస్తాయో లేదో ఎవరితో చూపియ్యాలి?

వార్డుడ్యూటీ (అనంతపురం):
కంపెనీ సర్వీసోళ్లతో. ఆక్సిజన్ ఎంత శాతం వస్తుందో మీటరుతో కొలిచి చూపియ్యమనండి, 90కి తగ్గితే లోపల గాలిలోంచి నైట్రోజన్ పీల్చే జియోలైట్ మార్చాలి. ఫిల్టర్లు ఎట్లా మార్చాల్సిందే. స్టెబిలైజర్ కొన్నాకనే స్విచ్ వేయండి.